కష్టంలో ఉన్న కుటుంబాల కోసం గ్రాంటు: ఎక్కువ మందికి కొంచెమా, కొద్దిమందికి సరిపడానా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను ఒక చిన్న స్వచ్ఛంద సంస్థకు కార్యదర్శిని. పిల్లల చదువుల కోసం మొదలుపెట్టిన మా సంస్థ దగ్గరికి కొంతకాలంగా వారి తల్లిదండ్రులు వేరే అవసరాలతో వస్తున్నారు. వారిలో పని పోయినవారు, పని దినాలు తగ్గినవారు, సంపాదించే మనిషి మంచాన పడినవారు ఉన్నారు. మొన్న ఒక తల్లి కరెంటు బిల్లు తెచ్చి నా ముందు పెట్టారు. దాన్ని ఎన్నిసార్లు మడిచి విప్పారో గాని మడత పడిన చోట అంకెలు చెరిగిపోయాయి. గడువు పొడిగించమని ఎవరికి అర్జీ పెట్టుకోవాలో చెప్పమని తప్ప ఆమె మమ్మల్ని ఇంకేమీ అడగలేదు.

ఇప్పుడు ఒక సామాజిక నిధి సంస్థ (చాలామంది దాతల విరాళాలను ఒకచోట చేర్చి గ్రాంట్లుగా ఇచ్చే సంస్థ) ఇటువంటి కుటుంబాలకు అండగా నిలిచే స్థానిక సంస్థలకు ఏడాది కాలానికి గ్రాంటు ప్రకటించింది. దరఖాస్తు రాయడానికి కూర్చుంటే మా కార్యవర్గంలో అభిప్రాయభేదం వచ్చింది. వచ్చిన డబ్బును సరుకుల రూపంలో వీలైనన్ని ఇళ్లకు పంచితే లబ్ధిదారుల సంఖ్య ఘనంగా కనిపిస్తుందని కొందరు అంటున్నారు. తక్కువ కుటుంబాలనే తీసుకుని, ఇల్లు ఖాళీ చేయాల్సి రావడం వంటి అసలు ఆపదను తప్పించాలని మరికొందరు అంటున్నారు. జీతాల ఖర్చు చూపిస్తే దరఖాస్తు పక్కన పెట్టేస్తారేమోనన్న భయం మాత్రం అందరికీ ఉంది. అనుభవం ఉన్నవారు దారి చూపగలరు.

మొదటి జవాబు

కార్యదర్శి గారికి నమస్కారం. ఇటువంటి దరఖాస్తులను పరిశీలించే కమిటీలో నేను కొన్నేళ్లు పనిచేశాను. సంఖ్య పెద్దదిగా ఉంటేనే గ్రాంటు వస్తుందనేది సంస్థల్లో పాతుకుపోయిన నమ్మకం. అయితే ఒక్కో కుటుంబానికి ఎంత అందుతుంది, దానితో ఆ కుటుంబం గండం నిజంగా గట్టెక్కుతుందా అన్న ప్రశ్నకు దరఖాస్తులో సమాధానం లేకపోతే, ఆ సంఖ్యను చూసి సంతోషించిన సభ్యుణ్ణి నేను మా కమిటీలో చూడలేదు.

ఈ విషయంలో నాకు బాగా గుర్తుండిపోయిన అధ్యయనం ఒకటుంది. అమెరికాలోని షికాగోలో, అద్దె కట్టలేక ఇల్లు పోగొట్టుకునే స్థితికి వచ్చినవారు ఫోన్ చేసి సాయం కోరే కేంద్రం ఉంది. అక్కడ నిధులు ఒక రోజు ఉంటాయి, మరో రోజు ఉండవు. అర్హతలో తేడా లేకపోయినా, కేవలం ఫోన్ చేసిన రోజును బట్టి కొందరికి సాయం అందింది, కొందరికి అందలేదు. పరిశోధకులు ఈ రెండు వర్గాలను పోల్చి చూసి, నిధులున్న రోజున ఫోన్ చేసినవారు తర్వాతి ఆరు నెలల్లో నిరాశ్రయుల వసతి గృహానికి చేరే అవకాశం 76 శాతం తక్కువగా ఉందని 2016లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. వారికి అందినది ఒక్కసారి ఇచ్చిన సాయమే. ఇల్లు పోయాక ఎంత ఖర్చు పెట్టినా తిరిగి నిలబెట్టలేని కుటుంబాన్ని, పోకముందు ఒక్క నెల అద్దె నిలబెట్టగలదు. అందుకే మీ కార్యవర్గంలో రెండో వర్గం మాటే సరైనదని నా అభిప్రాయం.

మరొక మాట. సామాజిక నిధి సంస్థ అనే ఏర్పాటు 1914లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో ఫ్రెడరిక్ గాఫ్ అనే బ్యాంకరు ఆలోచనతో మొదలైంది. ఎప్పుడో చనిపోయిన దాతలు రాసిపెట్టిన షరతుల్లో డబ్బు చిక్కుకుపోకుండా, చాలామంది ఇచ్చిన నిధులను ఒకచోట చేర్చి, ఆ కాలపు అవసరం తెలిసిన కమిటీ దాన్ని ఖర్చు చేయాలన్నదే ఆయన ఉద్దేశం. కాబట్టి మీ దగ్గరికి వస్తున్న అవసరం ఏదో దాన్నే ఉన్నదున్నట్టు రాయండి. ప్రకటనలోని పదాలనే తిప్పి రాసిన దరఖాస్తులు మాకు కుప్పలుగా వచ్చేవి.

రెండో జవాబు

నేను కుటుంబాలను కలిసే క్షేత్ర కార్యకర్తను. సరుకులకన్నా నగదు మేలని నా అనుభవం, ఎందుకంటే ఏ ఇంట్లో ఏది ఆగిపోయిందో ఆ ఇంటివారికే తెలుస్తుంది. డబ్బు చేతికిస్తే తాగుడుకు పోతుందని మీ కార్యవర్గంలో ఎవరైనా అంటే, అనేక దేశాల్లోని అధ్యయనాలను ప్రపంచ బ్యాంకు పరిశోధకులు 2014లో కలిపి పరిశీలించి, నగదు సాయం వల్ల మద్యం, పొగాకు ఖర్చు పెరిగినట్టు కనిపించలేదని తేల్చారని వారికి చెప్పండి.

ఫొటోల విషయంలో మాత్రం చేతులెత్తి వేడుకుంటున్నాను. ఒకసారి పంపిణీ దగ్గర కెమెరా చూసి, వరుసలో రెండో స్థానంలో నిలబడిన ఒక పెద్దాయన కండువా ముఖానికి అడ్డం పెట్టుకుని వెనుదిరిగారు. ఆయన పేరు మా జాబితాలో ఉంది, సంతకం మాత్రం లేదు. రసీదు, బ్యాంకు జమ వివరం ఉంటే లెక్కకు సరిపోతాయని, ఫొటో తప్పనిసరి కాకూడదని దరఖాస్తు దశలోనే అడిగి రాయించుకోండి.

మూడో జవాబు

స్వచ్ఛంద సంస్థల పద్దులు చూసే అకౌంటెంటుగా జీతాల సంగతి చెబుతాను. దాచకండి. అర్జీ రాసిపెట్టే మనిషి, ఇంటి యజమానితో మాట్లాడి గడువు అడిగే మనిషి లేకుండా ఆ సాయం కుటుంబానికి చేరదు. ఆ జీతాన్ని కార్యక్రమ ఖర్చు కింద చూపండి. కార్యాలయ అద్దె, ఆడిట్ రుసుము వంటివి నిర్వహణ ఖర్చు కింద విడిగా చూపండి. ప్రభుత్వంతో ముందుగా రేటు కుదుర్చుకోని సంస్థలు నిర్వహణ ఖర్చు కింద తీసుకోగల పరిమితిని అమెరికా కేంద్ర ప్రభుత్వమే తన గ్రాంట్లలో 2024 అక్టోబరు నుంచి 10 నుంచి 15 శాతానికి పెంచింది. ఇచ్చేవారికీ ఈ సంగతి తెలుసు.

పోతే, గ్రాంటు సొమ్ముకు ప్రత్యేక ఖాతా, ప్రత్యేక రిజిస్టరు పెట్టండి. ఒక పనికి ఇచ్చిన డబ్బును మరో పనికి వాడాల్సి వస్తే ముందుగా లిఖితపూర్వక అనుమతి తీసుకోండి. మొత్తం చివర్లో ఇస్తామంటే ఒప్పుకోకండి. చేతిలో నిల్వ లేని చిన్న సంస్థ ముందుగా ఖర్చు పెట్టి తర్వాత తెచ్చుకోవడం జరిగే పని కాదు.

ప్రశ్న అడిగినవారి జవాబు

ముగ్గురికీ కృతజ్ఞతలు. మీ మాటలు నిన్న సాయంత్రం కార్యవర్గ సమావేశంలో చదివి వినిపించాను. కుటుంబాల సంఖ్య తగ్గించి, ఒక్కో ఇంటికి ఇచ్చే సాయం పెంచి, ఒక కార్యకర్త జీతాన్ని స్పష్టంగా చూపిస్తూ దరఖాస్తు తిరగరాస్తున్నాము. ఫొటోల గురించి నిధి సంస్థకు ఈ రోజే లేఖ పంపాను. ఆ తల్లి కరెంటు బిల్లుకు గడువు దొరికింది. మా సహోద్యోగి ఆమెతో పాటు స్వయంగా కార్యాలయానికి వెళ్లి అర్జీ ఇచ్చి వచ్చారు. సగం రోజు పట్టింది. జీతాల పద్దు ఎందుకో వివరించాల్సిన చోట ఈ సగం రోజు సంగతినే, ఆమె పేరు లేకుండా రాస్తున్నాను.