పోస్టర్‌లో ధర రాసే ఉంది, అయినా "ఎంతండీ?" అని అడుగుతున్నారు

ప్రశ్న (విశాఖ గాజువాక నుంచి): ఇంట్లో చోడి (రాగి) లడ్డూలు చేసి అమ్ముతున్నానండి. ఫోన్లోనే కాన్వా యాప్‌లో పోస్టర్ చేసుకున్నాను. వెనక ఆర్కే బీచ్ సూర్యోదయం, పైన వినాయకుడు, పసుపు అక్షరాలతో వివరాలు, మూలన లడ్డూల ఫొటో. ధర కూడా వేశాను. వాట్సాప్‌లో పెట్టగానే అందరిదీ ఒకటే మాట, "ఎంతండీ?" ఎక్కడ పొరపాటు?

జవాబు (అల్లిపురం, పాత డీటీపీ ఆపరేటర్): అమ్మా, ఏళ్ల తరబడి ఫ్లెక్సీలు డిజైన్ చేసినవాణ్ణి, చెబుతాను. జగదాంబ సిగ్నల్ దగ్గర ఆగినవాడు ఫ్లెక్సీని తీరిగ్గా చదువుతాడు. ఫోన్లో బొటనవేలు ఆగదు. మీ పోస్టర్‌లో నాకు ముందు సూర్యుడు కనపడ్డాడు, తర్వాత వినాయకుడు. ధర వెతికితే దొరికింది, సూర్యుడి పక్కనే, పసుపు మీద పసుపు! బీచ్ తీసేయండి. అక్కడ జనం తినేది మురీ మిక్చర్, లడ్డూలు కాదు.

పై సగమంతా లడ్డూ ఫొటోయే ఉండనివ్వండి. పొద్దున్నే కిటికీ పక్కన తీయండి. ట్యూబ్‌లైటు కింద తీస్తే చోడి లడ్డూ మట్టిముద్దలా పడుతుంది. కింద మీగడ రంగు, దాని మీద ముదురు గోధుమ రంగు అక్షరాలు. పేరు, పావుకిలో ధర, నంబరు, అంతే. "రుచికరమైన, ఆరోగ్యకరమైన" లాంటివన్నీ ఫొటో కింద మెసేజ్‌లో రాసుకోండి. అయ్యాక గ్యాలరీలో చిన్న బొమ్మగా ఉన్నప్పుడే చూడండి. అప్పుడూ ధర కనపడాలి.

ప్రశ్న: మళ్లీ చేశానండి, చాలా నయం. వినాయకుణ్ణి తీయొద్దని మా అత్తగారు పట్టుబట్టారు, మూలన చిన్నగా ఉంచాను. ఇంకో తంటా. పై వరుసలో "లడ్డూ", కింద "నేతితో చేసినవి" అని రాస్తే డ వత్తు వెళ్లి కింది గుడిలో గుచ్చుకుంటోంది.

జవాబు (ఎంవీపీ కాలనీ నుంచి): అక్కా, కాన్వాలో రెడీమేడ్‌గా వచ్చే టెంప్లేట్లు ఎక్కువగా ఇంగ్లీషు కోసం చేసినవి. మనకి పైన గుడులు, కింద వత్తులు. లైన్ స్పేసింగ్ (వరుసల మధ్య ఎడం) 1.5 దాకా పెంచి చూడండి. లెటర్ స్పేసింగ్ (అక్షరాల మధ్య ఎడం) మాత్రం సున్నాలో ఉంచండి, పెంచితే తెలుగు పదం చెదిరినట్టు ఉంటుంది. పేరుకి రామభద్ర ఫాంటు, మిగతాదానికి మండలి. మూడోది వద్దు. ఎవరైనా అను అనే పాత డీటీపీ సాఫ్ట్‌వేర్‌లో టైపు చేసిచ్చిన మేటర్ అతికించకండి, ఫోన్లు చదివే యూనికోడ్ కాదు కాబట్టి పిచ్చి అక్షరాలొస్తాయి.

సైజు ఇన్‌స్టాకి 1080×1350 పిక్సెళ్లు, వాట్సాప్ స్టేటస్‌కి 1080×1920. స్టేటస్‌లో పైన మీ పేరు, కింద రిప్లై పట్టీ వస్తాయి, ఆ రెండు చోట్లా అక్షరాలు పెట్టకండి. గ్రూపులో పంపేటప్పుడు హెచ్‌డీ నొక్కండి, లేదా డాక్యుమెంటుగా పంపండి. మామూలుగా పంపితే వాట్సాప్ కుదించేస్తుంది, సన్న అక్షరాలు అలుక్కుపోతాయి.

ప్రశ్న: ఇవాళ ధర ఒక్కరూ అడగలేదు! అందరూ "పెందుర్తికి పంపుతారా?" అంటున్నారు.

జవాబు (అల్లిపురం): అది రాయలేదు కదమ్మా. ధర కింద ఒక్క వరుస వేయండి, ఎక్కడెక్కడికి పంపుతారో. దానికోసం ధర అక్షరాలు మాత్రం తగ్గించకండి.