బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ను అరువు ఖాతా ప్రోడక్ట్‌గా మార్చాలా?

గుంటూరు చుట్టుపక్కల ఎరువులు, పురుగుమందుల షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తున్నాం. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు మొదలుపెట్టాం. ఎరువులకు 5 శాతం, పురుగుమందులకు 18 శాతం విడివిడిగా వేయడం, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ చూపించడం అప్పట్లో మా బలం. ఇప్పుడు ఉచిత మొబైల్ యాప్‌లు కూడా ఆ పని చేస్తున్నాయి, మాటతో బిల్లు కొట్టేవీ వచ్చాయి. రెండేళ్ల క్రితం 118 షాపులు రెన్యువల్ చేస్తే ఈ ఏడాది 71.

ధర 12,000 నుంచి 6,000కి తగ్గించాం. వాట్సాప్ బిల్లు పెట్టాం. నాలుగు నెలలు కష్టపడి ఏఐ వాయిస్ బిల్లింగ్ కూడా చేశాం, వాడింది తొమ్మిది మంది. వెళ్లిపోయినవాళ్లు తిరిగి రాలేదు.

పోయిన నెల తెనాలిలో ఒక షాపులో రోజంతా కూర్చున్నాను. బిల్లు మా సాఫ్ట్‌వేర్‌లోనే కొడుతున్నారు, అరువు మాత్రం ఎర్ర అట్ట పుస్తకంలో రాస్తున్నారు. నూటికి రెండు రూపాయల వడ్డీ, పంట అమ్మాక కొంత జమ, మిగతాది వచ్చే సీజన్‌కి. ఈ లెక్క మా దాంట్లో కుదరదు. నాకు తెలిసినంతలో ఆ ఉచిత యాప్‌లలోనూ కుదరదు. అసలు అవసరం ఇక్కడే ఉందని నాకు గట్టిగా అనిపిస్తోంది.

ఉన్నది ముగ్గురం, చేతిలో ఎనిమిది నెలల ఖర్చుకు సరిపడే డబ్బు. రెండూ చేయలేం.

ఇలా పాత ప్రోడక్ట్ ఆపి, ఒక్క అవసరం మీదికే మారినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి: కోడ్ రాయకముందే, షాపువాళ్లు దీనికి నిజంగా డబ్బు కడతారని మీరు ఎలా తేల్చుకున్నారు?