గోడలోని పాత టీవీ కేబుల్‌తో నెట్: లింక్ పదే పదే తెగిపోతోంది, లోపం ఎక్కడ?

బెంగళూరు మారతహళ్ళిలో రెండంతస్తుల అద్దె ఇల్లు. ఫైబర్ మోడెమ్ కింద హాల్లో ఉంది, ప్లాన్ 300 ఎంబీపీఎస్. పై గదిలో వైఫై 15 దాటదు, ఆఫీసు వీడియో కాల్స్ మధ్యలో ఆగిపోతుంటే చాలా టెన్షన్‌గా ఉంది. క్యాట్6 నెట్ కేబుల్ లాగుదామంటే పైపు మలుపు దగ్గర ఇరుక్కుంది. కొత్తగా డ్రిల్ చేయడానికి ఓనర్ గారు ఒప్పుకోవడం లేదు.

గోడలో పాత ఆర్‌జీ6 టీవీ కేబుల్ ఉంది కదా అని మోకా 2.5 (టీవీ కేబుల్ మీదుగా నెట్ నడిపే పద్ధతి) అడాప్టర్ల జత కొన్నాను. రెండింటినీ బల్లమీద చిన్న కేబుల్‌తో కలిపితే ఐపెర్ఫ్ స్పీడ్ టెస్టులో 940 ఎంబీపీఎస్ వస్తోంది, అంటే అడాప్టర్లు బాగానే ఉన్నట్టు. గోడ కేబుల్‌కి పెడితే మాత్రం 60 నుంచి 110 మధ్య ఊగుతుంది, పది పదిహేను నిమిషాలకోసారి అడాప్టర్ మీది కోయాక్స్ (టీవీ కేబుల్ లింక్) లైటు ఆరిపోయి మళ్లీ వస్తుంది.

మధ్యలో 5–1000 మెగాహెర్ట్జ్ అని రాసి ఉన్న స్ప్లిటర్ (సిగ్నల్‌ను పంచే డబ్బా) కనిపించింది. మోకా 1125 మెగాహెర్ట్జ్ పైన నడుస్తుంది కాబట్టి దాన్ని తీసేసి జాయింటర్ వేశాను. అంతకుముందు లింకే రాలేదు, ఇప్పుడు ఈమాత్రమైనా వస్తోంది. డిష్ సిగ్నల్ కూడా అదే బ్యాండులో ఉంటుందని ఆ వైరును పూర్తిగా విడదీశాను. కేబుల్ రెండు చివర్లా బిగించే ఎఫ్ కనెక్టర్లు కొత్తవి, కంప్రెషన్ రకం. అడాప్టర్లలో ఎన్‌క్రిప్షన్ ఆపి చూసినా తేడా లేదు.

ఇక మిగిలినవి రెండు గదుల్లోని పాత టీవీ సాకెట్ ప్లేట్లు, గోడలోని సుమారు 20 మీటర్ల కేబుల్. గోడ పగలగొట్టకుండా, లోపం ప్లేట్లలో ఉందా కేబుల్‌లో ఉందా అని కచ్చితంగా తేల్చుకోవడం ఎలా?