శుక్రవారం రాత్రి ఇంట్లో సినిమా, ఒక వైన్ బాటిల్: మీ ఇంట్లో ఎలా సాగుతోంది?

మియాపూర్_మేడమీద:
అందరికీ నమస్కారం. మేమిద్దరం, మా పై ఫ్లోర్‌లో ఉండే ఇంకో జంట కలిసి ఏడు నెలలుగా ప్రతి శుక్రవారం మా హాల్లో సినిమా చూస్తున్నాం. ఒక వైన్ బాటిల్, ఏవో నాలుగు చిరుతిళ్లు. వారమంతా ల్యాప్‌టాప్ ముందు గడిపాక ఆ మూడు గంటల కోసమే ఎదురుచూస్తుంటాను. ఈ మధ్య మాత్రం సరిగ్గా కుదరడం లేదు. ఏ సినిమా చూడాలో తేలేసరికి తొమ్మిదిన్నర అవుతోంది. మిరపకాయ బజ్జీలతో రెడ్ వైన్ తాగితే గొంతు మండిపోతోంది. సినిమా సగంలోనే ఇద్దరు నిద్రపోతున్నారు. పోయిన వారం పైవాళ్లు "ఈసారికి వద్దులే" అన్నారు. చాలా బాధేసింది. దీనికి తోడు వచ్చే నెల మా అత్తయ్యగారు, మామయ్యగారు వస్తున్నారు. ఏళ్ల తరబడి నడుపుతున్నవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి, ఇది ఆగిపోకూడదు.

పాత_రీలు:
విశాఖలో మేం నాలుగేళ్లుగా చూస్తున్నామండీ. మాకూ మొదటి ఏడాదే ఆగిపోయేదే, ఎంపిక దగ్గరే. అప్పుడు వంతులు పెట్టుకున్నాం. ఎవరి వంతైతే వాళ్లు బుధవారం రాత్రికల్లా గ్రూపులో సినిమా పేరు పెట్టాలి. మిగతావాళ్లు కాదనకూడదు. అంతకుముందు ఓటింగ్ పెట్టి చూశాం. ఎవరికీ అభ్యంతరం లేని సినిమాయే ప్రతిసారీ గెలిచేది, మర్నాటికి అది ఎవరికీ గుర్తుండేది కాదు. వంతులు వచ్చాక మా బావగారి పుణ్యమా అని ఇరాన్ సినిమాలు చూశాను. నా అంతట నేను ఎప్పటికీ పెట్టుకునేదాన్ని కాదు.

నిడివి కూడా ముందే చూసుకోండి. 1957 నాటి 'మాయాబజార్' మూడు గంటల పైనే. అలాంటిది తొమ్మిదిన్నరకు మొదలుపెడితే ఎవరికైనా నిద్రే. మేం ఏడున్నరకు మొదలుపెట్టి ఇంటర్వెల్ దగ్గర ఆపి తేలిగ్గా ఏదైనా తింటాం. బిర్యానీ తిని సోఫాలో కూర్చుంటే మాత్రం ఏ సినిమా అయినా నిద్ర ఆపలేదు. కడుపు నిండా తినేది ఏదైనా సినిమా అయ్యాకే.

నాసిక్_నుంచి_నెల్లూరు:
ఉద్యోగం కోసం నాసిక్‌లో తొమ్మిదేళ్లు ఉన్నాను, వైన్ మీద ఇష్టం అక్కడే మొదలైంది. మీ బజ్జీల సంగతి చెప్తాను. కారంతో నోరు మండుతున్నప్పుడు ఆల్కహాల్ ఆ మంటను ఇంకా పెంచుతుంది. రెడ్ వైన్‌లో ద్రాక్ష తొక్క, గింజల నుంచి వచ్చే టానిన్లు కూడా ఉంటాయి. పచ్చి జామకాయ కొరికినట్టు వగరుగా నోరు ఎండబెట్టేది అవే. మంట, వగరు కలిస్తే గొంతు పట్టేస్తుంది. కారపు చిరుతిళ్లకు కొంచెం తీపి ఉన్న తెల్ల వైన్ బాగా చల్లగా తీసుకోండి. నాసిక్ వైపు షెనిన్ బ్లాంక్ అనే రకం బాగా పండుతుంది, అందులో కాస్త తియ్యగా ఉండేవి దొరుకుతాయి. పకోడీ, చికెన్ పకోడీ, చేగోడీ అన్నిటికీ అది చక్కగా సరిపోతుంది. రెడ్డే కావాలంటే కారం తగ్గించి మటన్ వేపుడు, చీజ్, నేతిలో వేయించిన జీడిపప్పు పెట్టండి. మాంసకృత్తులు, కొవ్వు ఉంటే వగరు తగ్గుతుంది.

చాలామంది చేసే పొరపాటు ఇంకొకటి ఉంది. రెడ్ వైన్ గది ఉష్ణోగ్రతలో తాగాలని విని బయటే ఉంచేస్తారు. ఆ మాట చలిదేశాల గదుల గురించి. 16 నుంచి 18 డిగ్రీలు ఉండాలి. మన ఏప్రిల్ గదిలో 35 ఉంటుంది, ఆ వేడికి వైన్ మందులా ఘాటెక్కుతుంది. తాగే ముందు గంటన్నర, రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టండి. 750 మిల్లీలీటర్ల బాటిల్‌కి 150 చొప్పున ఐదు గ్లాసులు వస్తాయి కాబట్టి నలుగురికి ఒక్కటి చాలు. రెండో బాటిల్ తెరిచిన రోజు సినిమా ఎవరూ చూడరు, ఇది నా అనుభవం. మిగిలితే బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెట్టి మూడు రోజుల్లో అవగొట్టండి, తర్వాత పులుపెక్కుతుంది.

ఖమ్మం_బుల్లెట్:
మా వైపు వీధివీధికీ 'వైన్స్' అని బోర్డు ఉంటుంది. లోపలికెళ్లి వైన్ అడిగితే బ్రాందీ, విస్కీ, బీరు చూపిస్తారు. హైదరాబాద్ వెళ్లినప్పుడు పెద్ద షాపులో ఒక బాటిల్ తెచ్చుకుంటాం, నెలకు ఒక్క శుక్రవారమే వైన్. మిగతా మూడు వారాలూ నిమ్మకాయ సోడా, ఉడకబెట్టిన పల్లీలు. సినిమాకేం లోటు రాలేదు.

డాలస్_అమ్మ:
మీ అత్తయ్యగారి మాట చదవగానే రాయాలనిపించింది. మా మామయ్యగారు మొదటిసారి వచ్చినప్పుడు మేం బాటిళ్లన్నీ కోట్లు పెట్టే అల్మారాలో దాచేశాం. ఆరు నెలలు సినిమా కూడా మానేశాం. టీవీలో సీరియల్, మేం మా గదిలో, ఆయన ఆయన గదిలో. వెళ్లేటప్పుడు ఎయిర్‌పోర్టులో ఆయన అన్నమాట నాకింకా గుర్తే: "నా కోసం మీ అలవాట్లేవో మానుకున్నారమ్మా, నాకు తెలుసు. దాంతో నేను చుట్టాన్నయిపోయాను."

రెండోసారి వచ్చినప్పుడు మా ఆయన ముందే చెప్పేశారు, శుక్రవారం సినిమా ఉంటుంది, మేం ఒక గ్లాసు వైన్ తీసుకుంటాం నాన్నా అని. "నాకొద్దు, మీరు కానివ్వండి" అన్నారంతే. ఆయనకు అదే గ్లాసులో నన్నారి షర్బత్ సోడా కలిపి ఇచ్చేవాళ్లం. పిల్లలకూ అదే. ఆయనకూ వంతు ఇచ్చాం. పిల్లలకు తెలుగు సగమే వచ్చు, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెడతాం. పాత సినిమాలో ఏదైనా సామెత వస్తే ఆయన రిమోట్ తీసుకుని ఆపి, దాని అర్థం చెప్పి, మళ్లీ నడిపేవారు. రెండు గంటల సినిమా మూడున్నర గంటలు పట్టేది. ఒక్కరూ నిద్రపోలేదు. దాచకండి. మీ వారి చేత ముందే ఫోన్లో చెప్పించండి, వచ్చాక చెప్పడం ఇంకా కష్టం.

సౌండ్_పిచ్చి:
చిన్న విషయమే అయినా రాస్తున్నా. సినిమా సీరియల్‌లా అతి నున్నగా కదులుతున్నట్టుంటే టీవీ సెట్టింగ్స్‌లో మోషన్ స్మూతింగ్ ఆపేయండి. సినిమాలు సాధారణంగా సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు, టీవీ మధ్యలో లేని ఫ్రేములు తయారుచేసి కలుపుతుంది. మాటలు వినబడక, ఫైట్ రాగానే చెవులు అదిరిపోతుంటే పెద్ద శబ్దాలను తగ్గించి మాటలను పెంచే నైట్ మోడ్ ఉందేమో చూడండి. కింది ఫ్లోర్ వాళ్లకూ మంచిది.

రాత్రి_డ్యూటీ:
నర్సుగా పనిచేస్తున్నాను, అందుకే ఈ మాట. మెట్రోనిడజోల్ లాంటి కొన్ని యాంటీబయాటిక్ మందుల కోర్సులో ఉన్నా, నిద్రమాత్రలు వేసుకుంటున్నా వైన్ అస్సలు వద్దు. గర్భంతో ఉన్నవాళ్లకూ వద్దు. బయటినుంచి వచ్చినవాళ్లు బండి తీయకూడదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే కేసే, మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా. వైన్ కదా అని తేలిగ్గా తీసుకుంటారు, ఒక్క గ్లాసుకే ఆ హద్దు దగ్గరికి వచ్చేవాళ్లున్నారు. మా ఇంట్లో తాళాలు గుమ్మం దగ్గర గిన్నెలో వేసేస్తాం, వెళ్లేటప్పుడు క్యాబ్.

మియాపూర్_మేడమీద:
అందరికీ చాలా చాలా థాంక్స్. నిన్న మళ్లీ కలిశాం. బుధవారమే పేరు పెట్టాను, ఏడుంపావుకి మొదలైంది, గంటా యాభై నిమిషాల సినిమా. చల్లటి షెనిన్ బ్లాంక్‌తో బజ్జీలు తిన్నాం, మంటే లేదు. నలుగురం చివరిదాకా మెలకువగా ఉన్నాం, అయ్యాక పదకొండు దాకా దాని గురించే మాట్లాడుకున్నాం. డాలస్_అమ్మ గారూ, మీ పోస్ట్ మా ఆయనకు చదివి వినిపించాను. ఇవాళ పొద్దున్నే వాళ్ల అమ్మగారికి ఫోన్ చేసి చెప్పేశారు. అటువైపు కాసేపు ఏ మాటా లేదు. తర్వాత అత్తయ్యగారు, "సరే గానీ, నా వంతు ఏ వారం?" అన్నారు.