రౌటర్‌కి, ఫైబర్ బాక్స్‌కి ఇంట్లో చేసుకునే బ్యాటరీ బ్యాకప్: రిలే పెడితే రీస్టార్ట్ కాకుండా ఆగుతుందా?

సీమ_సర్క్యూట్
అన్నలూ, మాది నంద్యాల దగ్గర పల్లె. ఎండాకాలం వచ్చిందంటే కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడొస్తుందో చెప్పలేం, చెల్లెలు ఆన్‌లైన్‌లో కోచింగ్ వింటోంది, కరెంటు పోయిన ప్రతిసారీ రౌటర్, ఫైబర్ బాక్స్ రెండూ ఆరిపోయి మళ్ళీ నెట్ ఎక్కేసరికి రెండు మూడు నిమిషాలు, ఈలోపు అక్కడ లెక్క సగం అయిపోతుంది. రెడీమేడ్ మినీ యూపీఎస్‌లు దొరుకుతాయని తెలుసు కానీ సొంతంగా చేయాలని ఉంది, సోల్డరింగ్ వచ్చు, మల్టీమీటర్ ఉంది.
నా దగ్గర కొత్త 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్) సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ, 19 వోల్టుల 3.42 ఆంపియర్ల పాత ల్యాప్‌టాప్ అడాప్టర్ ఉన్నాయి. ప్లాన్ ఏంటంటే అడాప్టర్ మీద రిలే (కాయిల్‌కి కరెంటు ఉందా లేదా అన్నదాన్ని బట్టి దానంతటదే మారే స్విచ్) కాయిల్, కరెంటు ఉంటే 12కి దించి రౌటర్‌కి, పోతే రిలే పడిపోయి బ్యాటరీ నుంచి, మధ్యలో గ్యాప్ రాకుండా 2200 మైక్రోఫారడ్ కెపాసిటర్. ఛార్జింగ్‌కి ఎల్ఎం 317 రెగ్యులేటర్ (వోల్టేజీ దించి నిలకడగా ఉంచే చిప్). ఈ కెపాసిటర్ సరిపోతుందా? ఛార్జింగ్ ఎంత వోల్టేజీకి పెట్టాలి?

బెజవాడ_రేడియో
సరిపోదు బాబూ, లెక్క వేసి చూడు. రిలే పట్టు మారడానికి 10 మిల్లీసెకన్లు అనుకో, లోడ్ 1 ఆంపియర్ అనుకో, 2200 మైక్రోఫారడ్ మీద ఆ కాసేపట్లోనే నాలుగున్నర వోల్టులు పడిపోతుంది, అంటే రౌటర్‌కి ఏడున్నరే. ఒక వోల్టు మించి పడకూడదంటే 10,000 మైక్రోఫారడ్ కావాలి.
కానీ అసలు ఇబ్బంది అది కూడా కాదు. 12 వోల్టుల రిలే ఒకసారి పట్టుకున్నాక కాయిల్ మీద వోల్టేజీ బాగా కిందికి, ఒక్కోసారి ఒకటి రెండు వోల్టులకి, దిగేదాకా వదలకపోవచ్చు. కరెంటు పోగానే అడాప్టర్ లోపలి కెపాసిటర్లు నెమ్మదిగా దిగుతాయి, 19 నుంచి 10కి వచ్చేసరికి నీ రౌటర్ ఆరిపోయి ఉంటుంది, రిలే మాత్రం ఇంకా అడాప్టర్‌నే పట్టుకుని కూర్చుంటుంది. అందుకే ఇలాంటి వాటికి రిలే వద్దని అందరికీ చెప్తూ ఉంటాను. బ్యాటరీని ఎప్పుడూ లైన్‌లోనే ఉంచు, అప్పుడు మార్చేదే ఉండదు కాబట్టి గ్యాప్ అనే మాటే రాదు.
ఎల్ఎం 317 చెడ్డదని కాదు, కానీ 19 నుంచి దించితే ఖాళీ బ్యాటరీకి 1 ఆంపియర్ ఇచ్చేటప్పుడు దగ్గర దగ్గర 8 వాట్లు వేడి కిందే పోతుంది, దానికి పెద్ద హీట్‌సింక్, నంద్యాల ఎండలో అది ఇంకా కష్టం.

కోఠి_గల్లీ
పెద్దాయన చెప్పింది కరెక్ట్. తమ్మీ, గిట్ల చెయ్యి: 19 వోల్టుల అడాప్టర్ నుంచి ఎక్స్‌ఎల్ 4015 మాడ్యూల్ (వోల్టేజీ దించేది), రెండు ప్రీసెట్లు (తిప్పి సెట్ చేసే చిన్న స్క్రూలు) ఉన్నది తీస్కో, ఒకటి వోల్టేజీకి ఒకటి కరెంటుకి. దాని అవుట్‌పుట్‌లో 1ఎన్5822 షాట్కీ డయోడ్ (కరెంటును ఒక్క దిక్కే పోనిచ్చేది), అది లేకుంటే కరెంటు పోయినప్పుడు బ్యాటరీ కరెంటు మాడ్యూల్‌లకెళ్లి వెనక్కి పోయి అడాప్టర్ లైటు కూడా వెలిగిస్తది, ఊకెనే బ్యాటరీ దిగుతది. డయోడ్ తర్వాత బ్యాటరీ, బ్యాటరీ ప్లస్ టెర్మినల్‌కి ఆనుకొనే 3 ఆంపియర్ల ఫ్యూజ్. ఫ్యూజ్ మాత్రం మర్వకు, సీల్డ్ బ్యాటరీ షార్ట్ అయితే వైరు ఎర్రగా కాలిపోతది, ఇంట్ల పిల్లలుంటరు.
ఆ తర్వాత లో వోల్టేజ్ కట్ఆఫ్ మాడ్యూల్ (బ్యాటరీ మరీ దిగితే లోడ్‌ని ఆపేది), తర్వాత బక్-బూస్ట్ మాడ్యూల్ (వోల్టేజీ దించుడు, ఎక్కించుడు రెండూ చేసేది) 12 వోల్టులకి సెట్ చేసి, అక్కడ్నుంచి రౌటర్‌కి, ఫైబర్ బాక్స్‌కి. చాలామంది ఇక్కడ ఎల్ఎం 2596 పెడ్తరు, అది దించుడే గాని ఎక్కించలేదు, బ్యాటరీ 12.5కి రాంగనే అవుట్‌పుట్ 12 కన్నా కిందికి పోతది. బ్యాటరీ 13.7 నుంచి 11 దాకా తిరుగుతది కాబట్టి రెండూ చేసేదే కావాలె. సామాన్లన్నీ కోఠి గుజరాతీ గల్లీల దొరుకుతయి, ఎవరన్న హైదరాబాద్ వస్తే తెప్పించుకో.

సీమ_సర్క్యూట్
థాంక్స్ అన్నా, చాలా క్లియర్‌గా ఉంది. మీటర్ సిరీస్‌లో పెట్టి చూశాను, రెండూ కలిపి ఆన్ అయ్యేటప్పుడు 1.1 ఆంపియర్ల దాకా పోతోంది, తర్వాత 0.7 దగ్గర నిలబడుతోంది. ఎంతసేపు వస్తుంది? కరెంటు ప్రీసెట్ ఎంతకి పెట్టాలి?

బెజవాడ_రేడియో
0.7 అంటే 8.4 వాట్లు, మాడ్యూల్‌లో పోయేది కలుపుకుని బ్యాటరీ మీద పది వాట్లు. 7 ఏహెచ్ అని రాసేది 20 గంటల లెక్క, అంటే 0.35 ఆంపియర్ల చొప్పున లాగితే వచ్చేది, నువ్వు 0.8 లాగుతున్నావు కాబట్టి కొంచెం తగ్గుతుంది. కొత్త బ్యాటరీకి ఐదారు గంటలు అనుకో. కట్ఆఫ్ 11కి పెట్టు, 10.5 దాకా లాగొద్దు, ఖాళీగా వదిలేసిన లెడ్ యాసిడ్ బ్యాటరీకి సల్ఫేషన్ (ప్లేట్ల మీద గట్టి సల్ఫేట్ పొర) పట్టి మళ్ళీ లేవదు.
కరెంటు ప్రీసెట్ 2 ఆంపియర్లు. అందులో లోడ్ తీసుకోగా బ్యాటరీకి ఒకటింపావు వరకు వెళ్తుంది. రౌటర్ ఆపేసినా మొత్తం 2 ఆంపియర్లే కదా, ఈ సైజు బ్యాటరీల మీద ఇనీషియల్ కరెంట్ 2.1 మించకూడదని రాసి ఉంటుంది.
ఇక వోల్టేజీ. బ్యాటరీ పక్కన స్టాండ్‌బై యూజ్ అని 13.5 నుంచి 13.8 ఉంటుంది చూడు, సైకిల్ యూజ్ అని 14 పైన ఇంకో అంకె ఉంటుంది, దాన్ని ముట్టుకోకు, ఎప్పుడూ ఛార్జింగ్‌లో ఉండే బ్యాటరీకి అది పనికిరాదు. ఆ 13.5–13.8 కూడా 25 డిగ్రీల దగ్గర లెక్క. వేడి పెరిగే కొద్దీ సెల్‌కి డిగ్రీకి 3 మిల్లీవోల్టులు తగ్గించాలి, ఆరు సెల్స్‌కి 18. మీ ఊళ్ళో మేలో గది లోపలే 40 ఉంటుంది, అంటే పావు వోల్టు పైనే తగ్గించాలి, అందుకని ఎండాకాలం 13.4, చలికాలం 13.7. ఇది పట్టించుకోకుండా ఏడాది పొడుగునా 13.8లో పెట్టేసి బ్యాటరీ ఉబ్బిపోయిందని కంపెనీని తిట్టేవాళ్ళని చూస్తే బాధేస్తుంది, వేడి పది డిగ్రీలు పెరిగితేనే దీని ఆయుష్షు సగమవుతుంది. అటక మీద, రేకుల కింద పెట్టొద్దు, నేల మీద గాలి తగిలే చోట పెట్టు.

లిథియం_ఫ్యాన్
నేనైతే లెడ్ యాసిడ్ బదులు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ 4 సెల్స్ ప్యాక్ పెట్టేవాణ్ణి. 12.8 వోల్టులు, బరువు సగం కంటే తక్కువ, రోజుకి రెండు మూడుసార్లు కరెంటు పోయే ఊళ్ళో ఎక్కువ ఏళ్ళు వస్తుంది. సెల్స్ అన్నీ సమానంగా ఛార్జ్ అయ్యేలా చూసే (బ్యాలెన్సింగ్ ఉన్న) బీఎంఎస్, అంటే బ్యాటరీని కాపాడే బోర్డు, తప్పనిసరి, అదీ ఫాస్ఫేట్ సెల్స్‌కి చేసిందే ఉండాలి. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలు విప్పి అందులో 18650 రకం లిథియం సెల్స్ తీసి కట్టే వీడియోలు చాలా ఉన్నాయి, రాత్రంతా మనుషులు పడుకునే ఇంట్లో ఛార్జింగ్‌లో ఉండేదానికి దయచేసి అవి వాడకండి, లోపల ఏది ఎలా ఉందో పైకి తెలియదు.

కోఠి_గల్లీ
ఫాస్ఫేట్ మంచిదే అన్నా, కానీ తమ్ముని దగ్గర కొత్త బ్యాటరీ ఉంది కద, అది అయిపోయినంక ఆలోచిద్దాం.
తమ్మీ, ఆన్ చేసే ముందర బ్యాటరీ, రౌటర్ రెండూ పీకి పెట్టి ముందు మాడ్యూల్స్ సెట్ చేసుకో. బక్-బూస్ట్ కొత్తగ వచ్చినప్పుడు ప్రీసెట్ ఏ అంకె మీద ఉంటదో తెల్వది, 20 ఉన్నా ఉంటది, నేరుగ రౌటర్‌కి గుచ్చితే పోతది. 13.4 అనేది బక్-బూస్ట్ సెట్ చేసి రౌటర్ కలిపినంక, డయోడ్ తర్వాత, బ్యాటరీ వైర్ల కాడ, లోడ్ ఆన్ చేసి కొలువు, డయోడ్ ముందర కొలిస్తే 0.3, 0.4 వోల్టులు తేడా వస్తది. పిన్నులు చూస్కో, బయటికి 5.5 మిల్లీమీటర్లే ఉన్నా లోపల 2.1, 2.5 అని రెండు రకాలుంటయి, మధ్యల ప్లస్ అని అడాప్టర్ మీద బొమ్మ ఉంటది, అయినా మీటర్‌తోని చెక్ చెయ్యి.

సీమ_సర్క్యూట్
సరే అన్నా, రిలే తీసేస్తున్నా. మా ఊరి నుంచి ఒకాయన హైదరాబాద్ పోతున్నాడు, మాడ్యూల్స్, డయోడ్, ఫ్యూజ్ హోల్డర్ లిస్టు రాసిచ్చాను. వచ్చాక వైరింగ్ ఫోటో పెడతాను, కరెంటు ఇచ్చే ముందు ఒకసారి చూసి చెప్పండి.