అప్‌డేట్: ప్రైవేటీర్ ఓడల్లో వాటాల గొడవలు ఎందుకో ఇప్పుడు అర్థమైంది

మొన్న అడిగాను కదా, ఎలిజబెత్ రాణి కాలంలో ఇంగ్లీష్ ప్రైవేటీర్లు (అంటే ప్రభుత్వ అనుమతితో శత్రు ఓడల్ని దోచుకునే ప్రైవేటు ఓడల వాళ్లు) శత్రువు ఓడని పట్టుకుంటే సొమ్ములో మూడో వంతు నావికులదే అని పద్ధతి ఉన్నా ఇన్ని గొడవలు ఎందుకని. వారం రోజులు దాని మీదే కూర్చున్నా.

అసలు చిక్కు ఏంటంటే, మూడో వంతు కాకుండా పైన డెక్ మీద విడిగా దొరికినవి, అవతలి నావికుల సొంత వస్తువులు పట్టుకున్నోళ్లవే, కింద గోడౌన్‌లో ఉన్న సరుకు మాత్రం ముట్టుకోకూడదు, కానీ ఆ గీత ఎక్కడుందో చీకట్లో ఎవడు చూస్తాడు చెప్పండి, పైగా వాళ్లకి మామూలుగా జీతం కూడా ఉండదు, వాటానే కూలి.

1592 ఆగస్టులో అట్లాంటిక్‌లోని అజోర్స్ దీవుల దగ్గర ఇంగ్లీష్ వాళ్లకి దొరికిన పోర్చుగీసు ఓడ మాద్రె దె దేవుస్ సంగతే చూడండి. మన వైపు సముద్రాల నుంచి వెళ్లిన మిరియాలు, లవంగాలు, పట్టు, ముత్యాలు, కస్తూరి. ఇంగ్లండ్‌లోని డార్ట్‌మత్ రేవు చేరేలోపు కొంత, చేరాక కొంత, చాలా సరుకు మాయం! 5 లక్షల పౌండ్లు అనుకున్నది చివరికి 1,40,000 దగ్గర తేలింది. విచారణకి వెళ్లిన రాణి సలహాదారు రాబర్ట్ సెసిల్‌కి ఎక్సెటర్ ఊరి దారిలో ఎదురొచ్చినోళ్ల దగ్గరే కస్తూరి వాసన కొట్టిందంట. నావికుల్ని అదుపు చేయడానికి ఈ యాత్రని ఏర్పాటు చేసి, అప్పటికి జైల్లో ఉన్న వాల్టర్ రాలీని బయటికి తేవాల్సొచ్చింది.

ఈ యాత్రకి రాణి పెట్టిన పెట్టుబడి కొంచెమే, మిగిలిన సొమ్ములో తీసుకుంది మాత్రం సగానికి పైనే. నాకైతే ఆ నావికుల మీద కోపం రావట్లేదు, ప్రాణాలకి తెగించింది వాళ్లే కదా.