మొక్కల అక్వేరియంలో ఏ చేపలు కలిసి బతుకుతాయి? (3 అడుగుల ట్యాంకు, కాలవ నీళ్లు)

పాలకొల్లు_పచ్చతొట్టి:
నమస్కారమండి. ట్యాంకు 3 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. అడుగున సన్నని ఇసుక. వాలిస్‌నేరియా, క్రిప్టోకోరైన్ నాటి, కర్రకు జావా ఫెర్న్, అనూబియాస్ కట్టి ఆరు వారాలైంది. మొక్కలు బాగానే వేళ్లూనుకున్నాయి. క్యానిస్టర్ ఫిల్టర్ (ట్యాంకు బయట ఉండే డబ్బా ఫిల్టర్) నడుస్తోంది. చేపలకు విషమయ్యే అమ్మోనియా 0, నైట్రైట్ 0. పోసింది మున్సిపాలిటీ కుళాయి నీళ్లు, అంటే కాలవ నీళ్లే: పీహెచ్ 7.8, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) 210. బోరు నీళ్లు ఉప్పన, టీడీఎస్ 1,400 పైనే, అందుకే ముట్టుకోలేదు. ఏసీ గది కాదు, నీళ్లు చల్లబరిచే చిల్లర్ లేదు.

షాపులో రాసిచ్చిన జాబితా ఇది: ఏంజెల్ 4, నియాన్ టెట్రా 15, టైగర్ బార్బ్ 5, గప్పీలు 10, గోల్డ్‌ఫిష్ 2, అద్దాలు శుభ్రం చేయడానికి సక్కర్ 1. అన్నీ కలిసుంటాయన్నారు. నిజమేనాండి? కాలవలో దొరికే గాజులాంటి చిన్న చేపలు కూడా వేయొచ్చా?

రాజోలు_రెక్కలు:
కలిసుండవండి. ఏది దేన్ని కొరుకుతుందన్నది తర్వాత, ముందు మే నెల సంగతి చూడండి. చిల్లర్ లేని గదిలో మన వైపు ట్యాంకు నీళ్లు 32 డిగ్రీల దాకా పోతాయి. నియాన్‌కు హాయిగా ఉండేది 20–26 మధ్య. గోల్డ్‌ఫిష్ అసలే చల్లనీళ్ల చేప, పైగా ఇసుక తవ్వి మొక్కల్ని పీకేస్తుంది, లేత చిగుళ్లు తినేస్తుంది. ఈ రెండూ కొట్టేయండి.

టైగర్ బార్బ్‌లు అయిదే ఉంటే ఇంకా కష్టం. గుంపు చిన్నదైతే వాటిలో వాటికి జరగాల్సిన తగువు పక్క చేపల మీదికి మళ్లుతుంది. ఏంజెల్ పొట్ట కింద వేలాడే సన్నటి తీగల్ని ముందు కొరుకుతాయి. తెగిన చోట అంచు తెల్లబడి, రెండు మూడు రోజుల్లో బూజు పడుతుంది. గప్పీల తోకలదీ అదే గతి.

షాపులో రూపాయి బిళ్లంత కనిపించే ఏంజెల్ పెరిగాక అరచేతిని మించుతుంది. నియాన్ దాని నోట్లో సులువుగా పడుతుంది. పగలు పక్కపక్కనే తిరిగినా, లైటు ఆరాక నిద్రలో ఉన్న నియాన్లు ఒక్కొక్కటే మాయమవుతాయి. నాలుగు ఏంజెల్స్‌లో ఒక జత కుదిరి గుడ్లు పెట్టిందంటే మిగతా రెండింటినీ మూలకు తరిమి బతకనివ్వదు.

సక్కర్ మాత్రం దయచేసి కొనొద్దు. మన చెరువుల్లో వలలు చింపి రైతుల్ని ఏడిపిస్తున్న దెయ్యం చేప అదే జాతి. అడుగు దాటి పెరుగుతుంది, పెద్దయ్యాక పాచి తినడం తగ్గి చెత్త మాత్రం విపరీతంగా పెడుతుంది. పెరిగిందని కాలవలో వదిలితే నష్టం ఊరందరిదీ.

మీ కొలతలకు 191 లీటర్లు. ఇసుక, కర్ర, పైన ఖాళీ పోను 150 లీటర్లు లెక్కేసుకోండి. వేడికి తట్టుకునేవే ఎంచుకుంటే: పెర్ల్ గౌరామి 3 (ఒక మగ, రెండు ఆడ), రమ్మీనోజ్ టెట్రా 12, స్టెర్బై కోరీడోరస్ 6. మిగతా కోరీల కంటే స్టెర్బై ఖరీదు ఎక్కువే, కానీ వేడి ఓర్చుకునేది అదే. పెర్ల్ గౌరామిలో మగదానికి గొంతు కింద నారింజ ఎరుపు, వీపు రెక్క కొస మొనదేలి ఉంటుంది. రెండు మగవి తెచ్చుకుంటే పోట్లాటే.

భీమవరం_నీళ్లలెక్క:
పై జాబితా బాగుంది. నా మాట నీళ్ల గురించి. చేపలే లేని ట్యాంకులో అమ్మోనియా 0 ఉందంటే ఫిల్టర్‌లో అమ్మోనియాను హరించే బ్యాక్టీరియా పట్టిందని అర్థం కాదండి, అక్కడ అమ్మోనియా తయారుచేసేదే లేదు. 150 లీటర్లకు అమ్మోనియం క్లోరైడ్ 0.9 గ్రాము కలిపితే సుమారు 2 పీపీఎం (లీటరుకు 2 మి.గ్రా.) వస్తుంది. 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు దిగితేనే చేపలు తెండి. దిగకపోతే ఇంకొన్ని వారాలు ఆగాలి. మీ పీహెచ్‌కి ఇది మరీ ముఖ్యం: 30 డిగ్రీల దగ్గర పీహెచ్ 7లో ఉన్న అమ్మోనియాలో విషరూపం 1 శాతం లోపే, పీహెచ్ 8లో 7 శాతం దాటుతుంది.

టీడీఎస్ ఒక్కటే చూసి నమ్మొద్దు. అది ఉప్పో, సున్నమో మీటరు చెప్పదు. రొయ్యల చెరువుల నీళ్లు చూసే ల్యాబులో సీసాడు ఇస్తే హార్డ్‌నెస్ (నీళ్ల గట్టిదనం), ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా ఆపే గుణం) రెండూ చెప్తారు. పీహెచ్ పొద్దున్నా సాయంత్రం రెండు పూటలా చూడండి. మొక్కలు కార్బన్ డయాక్సైడ్ లాగేయడం వల్ల సాయంత్రానికి పెరుగుతుంది, అది మామూలే.

కాలవలు కట్టేసిన రోజుల్లో కుళాయి నీళ్ల గుణం మారిపోతుంది, బ్లీచింగ్ కూడా ఎక్కువ తక్కువలవుతుంది. అందుకని నీళ్లు మార్చే ప్రతిసారీ టీడీఎస్ చూసి, వారానికి 20 శాతానికి మించకుండా మార్చండి. క్లోరిన్‌కి ఆక్వా మందుల షాపులో దొరికే సోడియం థయోసల్ఫేట్ 100 లీటర్లకు 1 గ్రాము చాలు. ఆవిరైపోయిన మేరకు మాత్రం ఆర్‌ఓ నీళ్లు పోయండి, లేకపోతే లవణాలు పేరుకుంటాయి. మొత్తం ఆర్‌ఓతో నింపొద్దు, ఆల్కలినిటీ లేక పీహెచ్ ఒక్కసారిగా పడిపోతుంది.

కాలవగట్టు:
గాజు చేపల గురించి. అచ్చం ఒకేలా కనిపించేవి రెండున్నాయి. కింది దవడ బాగా ముందుకు పొడుచుకొచ్చి, ఒళ్లు కాస్త సాగినట్టుంటే అది చందా నామా. పక్క చేపల పొలుసులు పీక్కుతింటుంది, వద్దేవద్దు. ఒళ్లు గుండ్రంగా ఉండేది పారంబాసిస్ రంగా. నెమ్మదైనదే గానీ గుళికల మేత సరిగా తినదు, బతికున్న మేత రోజూ దొరికితేనే నిలుస్తుంది. కాలవ నుంచి తెచ్చిన దేన్నయినా, మొక్కయినా సరే, నేరుగా వేయకండి. వరిచేల మందు అంటుకున్న ఆకులు రొయ్యపిల్లల్ని చంపేస్తాయి. తూనీగ లార్వా వచ్చిందంటే చిన్న చేపల్ని పట్టి తింటుంది.

పాలకొల్లు_పచ్చతొట్టి:
ధన్యవాదాలండి. గౌరామి, రమ్మీనోజ్, కోరీలు ఖాయం చేసుకున్నాను. గప్పీలు పిల్లలకిష్టం, వాటిని వేరే చిన్న ట్యాంకులో పెడతాను. ముందు ఏవి వేయాలి? వేసవిలో ఫ్యాను పెడితే సరిపోతుందా?

రాజోలు_రెక్కలు:
ముందు కోరీలు. రెండు వారాలకు అమ్మోనియా చూసుకుని రమ్మీనోజ్, ఆఖర్న గౌరామి. చోటు ఆక్రమించుకునే చేప చివర్న రావాలి. ప్రతి బ్యాచ్‌నీ ముందు స్పాంజి ఫిల్టర్ ఉన్న టబ్బులో 2–3 వారాలు వేరుగా ఉంచండి. తెల్లమచ్చ (ఒంటి మీద తెల్ల చుక్కలు పడే జబ్బు) బయటపడేది అక్కడే. ట్యాంకులో పడ్డాక మందు వేస్తే మొక్కలకూ దెబ్బ. రమ్మీనోజ్ మూతి ఎరుపు మీకు రోజూ పనికొచ్చే గుర్తు: పాలిపోయి గులాబీ రంగుకు దిగితే నీళ్లలో ఏదో తేడా వచ్చినట్టే, వెంటనే పరీక్ష చేయండి.

ఫ్యాను నీటి మీదుగా వీచేలా పెట్టండి. మూత తీసి దోమల మెష్ కప్పండి. మన దగ్గర గాలిలో తేమ ఎక్కువ కాబట్టి 2 డిగ్రీలు తగ్గితే గొప్ప.

భీమవరం_నీళ్లలెక్క:
దానితోపాటు రాత్రిళ్లు ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) నడపండి. 25 డిగ్రీల నీళ్లలో లీటరుకు 8.2 మి.గ్రా. దాకా ఆక్సిజన్ పడుతుంది, 32లో 7.3 మాత్రమే. చీకట్లో మొక్కలూ ఆక్సిజన్ పీల్చుకుంటాయి. చెరువులో చేప తెల్లారుజామున పైకి తేలేదీ అందుకే.

కరెంటు పోతుంది కాబట్టి బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి దగ్గరుంచుకోండి. క్యానిస్టర్ నాలుగైదు గంటలు ఆగిపోతే కరెంటు రాగానే స్విచ్ వేయొద్దు. లోపలున్న నీళ్లు పారబోసి, స్పాంజిని ట్యాంకు నీళ్లలోనే పిండి, అప్పుడు ఆన్ చేయండి. లేకపోతే లోపల చచ్చిన బ్యాక్టీరియా, కుళ్లు అంతా ఒక్కసారిగా చేపల మీదికి వస్తుంది.